బాపు పెద్దదినానికి వాని పాట

వాని పాట ఎక్కడ ఇనబడ్డా నాకు మొదలు తప్పులే ఇనబడుతయి. హన్మకొండ చౌరస్తల సిగ్నల్ కాడ ఆగుత, పక్క ఆటోల నుంచి వాని గొంతు లేస్తది. అంతే, నా చెవులు నిక్కబొడుచుకుంటయి. ఇగో, పైకి పోంగనే శ్రుతి జారింది. ఇగో, ఊపిరి సాలక మాట మింగిండు. ఇగో, ఎకో పెంచి గొంతును దాసిపెట్టిండు. సిగ్నల్ పడి ఆటో పోయినంక గూడ నా మనసు ఆ పాట ఎంబడే పోతది. మా ఇంటామె ఓసారి అననే అన్నది, "నీకు పాట ఇనుడు రాదయ్యా, తప్పులేరుడే వచ్చు" అని. ఏరుత. ఎందుకు ఏరద్దు? ఒకప్పుడు నా ఎనుక నిలవడి కోరస్ పాడిన గొంతది.

నేను పాటోన్ని. పేరున్న పాటోన్ని కాదు, పనున్న పాటోన్ని. హసన్‌పర్తి చుట్టుపక్కల ఊర్లల్ల పెండ్లయినా, బోనాలైనా, దినాలైనా నన్ను పిలుస్తరు. దినాలకు పాటేందని బయటోళ్లు నోరు తెరుస్తరు గని, మా దిక్కు ఇప్పుడది మామూలే. మనిషి పోయినంక పదకొండొద్దులకు పెద్దదినం చేస్తరు. ఇంటి ముందట టెంటు వేసి, పోయినోళ్ల ఫొటోకు దండేసి, చుట్టాలందరికి అన్నం పెడతరు. తినే ముందట పాటగాడు వచ్చి, కీబోర్డోన్ని, ప్యాడోన్ని పక్కన పెట్టుకొని ఆ పోయిన మనిషి మీద పాట పాడుతడు. ఆయన చేసిన పని, పడ్డ కష్టం, కొడుకులు, బిడ్డలు, కోడండ్లు, అల్లుండ్లు, మన్మలు, అందరి పేర్లు ఆ పాటల రావాలె. ఇంటోళ్లు ఓ చీటీ రాసిస్తరు. ఆ చీటీ చూసి పాట కట్టుడే మా పని.

పేర్ల కాడనే మాకు పానం మీదికొస్తది. ఓ ఊర్లె నేను చిన్నల్లుని పేరు మరిచిపోయిన. పాట అయిపోయింది, అందరు కండ్లు తుడుచుకుంటాండ్రు, నేను ఓ పక్కకు నిలవడి నీళ్లు తాగుతాన్న. అన్నం వడ్డిచ్చిన ఇస్తరి ముందటి నుంచి ఆయన దిగ్గున లేసిండు. "నేను ఈ ఇంటికి అల్లున్ని కానా? ఏ ఇంటికి అల్లున్ని మరి?" అని ఒక్క మాట అని, పెండ్లాన్ని బండెక్కించుకొని పోయిండు. ఆ ఇంటి ఆడోళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికి యాదికున్నయి. మల్ల రెండేండ్ల దాక ఆ ఊరు నన్ను పిలువలే. ఈ పనిల శ్రుతి తప్పితె ఎవ్వలు అడగరు. పేరు తప్పితె మాత్రం బతుకనియ్యరు.

వాడు మా పక్కూరోడు. నా బృందంల ఐదారేండ్లున్నడు. నన్ను "అన్నా" అనేటోడు, ఇప్పటికీ అన్నా అనే అంటడు, నాకు దానికే ఇంకింత మంట. తలపొగరు చూపిచ్చినా బాగుండు, తిట్టుకోవడానికి ఓ సాకు దొరికేది. తాళం పట్టరాకుంటె నేనే నేర్పిన. ఊపిరి యాడ తీసుకోవాలెనో నేనే చెప్పిన, అది మాత్రం వాడు సరిగ నేర్వలే. నేను చరణం పాడితె ఎనుక నుంచి "ఓ బాపో" అని గొంతు కలిపేటోడు. అంతకన్న ఎక్కువ నేను పాడనియ్యలే గూడ. ఒకట్రెండు సార్లు "అన్నా, ఒక్క చరణం నేను అందుకుంటనే" అని బతిలాడిండు. "ముందుగాల తాళం సక్కగ పట్టు" అన్న. నిజం చెప్తాన్న, అప్పటికి వాని తాళం సక్కగనే ఉండె.

మాకు తేడా పడ్డది ఓ మేడారం జాతర ముందట. ఆ యేడు నేను తల్లుల మీద ఓ పాట కట్టి సుబేదారిల ఓ చిన్న స్టూడియోల రికార్డు చేసిన. ఒక్కో మాట మీద రోజులకు రోజులు గూసొని కట్టిన పాట అది. వాడు గూడ అదే స్టూడియోల, నా తర్వాత వారానికి, నాకు చెప్పకుంట ఇంకో పాట రికార్డు చేసిండు. నాకు చెప్పింది స్టూడియో ఆయన. "మీ పిలగాడు గూడ పాడిండు గదనే, ఇన్నవా?" అన్నడు. ఇన్న. ఇంటికొచ్చి రెండు రోజులు మొఖం మాడ్చుకొని పన్న.

పాట మంచిగుంటె అదే పోతదని అనుకునేటోన్ని నేను. ఛానల్ల ఏసి ఇంట్ల గూసున్న. వాడు గూసోలే. పెన్‌డ్రైవ్‌లు సంచిల ఏసుకొని డీజేలోళ్ల ఇండ్లు తిరిగిండు. ట్రాక్టర్లోళ్లకు, వ్యానులోళ్లకు, జాతర తొవ్వల బెల్లం అమ్మేటోళ్లకు పంచిండు. డ్రోన్ పెట్టి వీడియో తీపిచ్చిండు, ఎర్రచీరెలు కట్టిచ్చి పది మంది ఆడపిల్లలను ఆడిపిచ్చిండు. ఊరూరి గ్రూపులల్ల ఏసిపిచ్చిండు. ఆ జాతరకు నేను ఇంటోళ్లను తీసుకొని ట్రాలీల పోయిన. తొవ్వ పొడుగూత వాని పాటే. ముందటి ట్రాక్టర్ల అదే, ఎనుక ట్రాక్టర్ల అదే, బెల్లం దుకాణంల అదే, కోళ్లమ్మేటోని కాడ అదే. ఆఖరికి మా ట్రాలీ నడిపేటోడు గూడ అదే పెట్టిండు.

"వేరే పాట లేదానే?" అన్న.

"ఇది హిట్టు గదన్నా" అన్నడు.

హిట్టు గనుక పెడతాండ్రు, పెడతాండ్రు గనుక హిట్టు. ఎవలనడుగుతం? తల్లుల గద్దెల ముందట బెల్లం పట్టుకొని నిలవడి నేనేం మొక్కిన్నో చెప్తె మీరు ఛీ అంటరు. వాని గొంతు బొంగురు పోవాలె అని మొక్కిన. బెల్లం తీసుకున్నరు గని తల్లులు నా మాట ఇనలే. ఆ యేడు నా పాట ఇన్నోళ్లల్ల సగం మంది మా చుట్టాలే ఉంటరు, వాని పాట మాత్రం లక్షలల్ల పోయింది.

అప్పటి సంది నాది ఒకటే వాదన. ఇదంత మార్కెటింగు. జనానికి చెవులు లేవు, కండ్లే ఉన్నయి, పాట కింద అంకె చూసి పాట ఇంటరు. రోజు అదే పాట చెవుల పోస్తె ఎవనికైనా నోటికొస్తది, నోటికొచ్చింది మంచి పాట అనుకుంటరు. చాయ్ హోటల్ల ఇదే చెప్పిన, పెండ్లిళ్లల్ల ఇదే చెప్పిన, ఇంట్ల అన్నం తినుకుంట గూడ ఇదే చెప్పిన. మా ఇంటామె ఓనాడు పప్పు గరిటె పట్టుకొని ఆగి అన్నది, "మన పెండ్లిల నువ్వు పాడితె మంది చప్పట్లు కొట్టిండ్రని ఇన్నొద్దులాయె, చెప్తనే ఉన్నవ్. అప్పుడున్న చెవులు ఇప్పుడెటు పోయినయయ్యా?" ఆ రోజు ఫోన్ల వాని పాటలన్ని తీసి, ఒక్కోదాని కింద బొటనేలు కిందికున్న గుర్తు నొక్కిన. నా ఫోన్ల అయిపోయినంక మా బిడ్డ ఫోన్ అడుక్కొని దాంట్ల గూడ నొక్కిన. నలభై దాటిన మనిషిని, గిదీ నా పని.

మొన్నటి ఎండకాలం మా బాపు పోయిండు. మార్కెట్ యార్డుల హమాలీ పని చేసిన మనిషి. బతుకంత మిర్చి బస్తాలు మోసిండు. ఆఖరికి దవాఖానల వారం రోజులున్నడు, మందులేవీ పని చెయ్యలే. మేం ముగ్గురు కొడుకులం, ఒక చెల్లె. అన్న పెద్దోడు, తమ్ముడు చిన్నోడు, నడిపోన్ని నేను.

మూడొద్దుల నాడు బాపు పేరు మీద పిట్టకు బువ్వ పెట్టి వచ్చి అందరం ఇంటి ముందట గూసున్నం. అన్న గొంతు సవరిచ్చుకొని అన్నడు, "పెద్దదినానికి పాటకు మాట్లాడిన. ఆయన డేటు దొరుకుడే కష్టమాయె. మన ఇంటి పేరు చెప్పంగనే ఒప్పుకున్నడు."

"ఎవలు?" అన్న నేను.

అన్న ఫోన్ తీసి, పాట పెట్టి, తెర నా దిక్కు తిప్పిండు. నాకు వాడెవడో తెల్వనట్టు.

"నేనున్న గదనే అన్నా. నేను పాడుత."

"నువ్వు కొడుకువురా. గుండు చేయించుకొని ఫొటో ముందట గూసోవాలె. మైకు పట్టుకొని నిలవడితె బాగుంటదా?"

ఆ మాట న్యాయమే. అక్కడ ఆగితె నేను గూడ ఊకుందు. అన్న ఆగలే. "ఆయనొస్తె సుట్టుపక్కల ఊర్లన్ని వస్తయి. బాపు పేరు నిలవడతది. నీ పాటదేమున్నదిరా, ఎప్పుడు ఇంటనే ఉంటం గదా" అన్నడు. తమ్ముడు తలూపిండు. చెల్లె గూడ కండ్లు తుడుచుకుంట, "నిజంగ ఆయనొస్తడానే?" అన్నది. నన్ను కన్న మా అవ్వ గోడకు ఒరిగి గూసున్నది. ఆమె దిక్కు చూసిన, ఒక్క మాట నా దిక్కు అంటదేమో అని. "ఎవలో ఒకలు మంచిగ పాడుండ్రి బిడ్డా, మీ బాపుకు పాటంటె పానం" అన్నది. నేను లేసి ఇంటెనుకకు పోయిన. బాపు పోయినందుకు ఏడ్చిన్నో, వాడొస్తాండని ఏడ్చిన్నో, ఇప్పటికి నాకే తెల్వదు.

తెల్లారి అన్న ఓ కాగితం నా చేతుల పెట్టిండు. "చీటీ నువ్వే రాయి, నీకు ఎరుకున్న పనే గదా. ఆయన మనిషికి ఫోన్ల పంపాలె" అన్నడు. నా పోటీగానికి నా బాపు ముచ్చట్లు నేనే రాసియ్యాలె. చూడుండ్రి నా రాత.

పొడిపొడిగ రాసి పారేద్దామని గూసున్న. 'హమాలీ, మార్కెట్ యార్డు' అని రాసిన. అక్కడ ఆగుదామనుకుంటె చెయ్యి ఆగలే. బాపు పొద్దుగూకి ఇంటికొచ్చేటప్పుడు ఒళ్లంత మిర్చి దుమ్మే ఉండేది. చిన్నప్పుడు నేను ఎదురు ఉరికేటోన్ని. ఒకసారి పోయి అతుక్కుంటె కండ్లు మండి నడిరాత్రి దాక ఏడ్చిన్నట. అప్పటి సంది బాపు గడప బయటనే ఆగి, "రాకు బిడ్డా, ఆగు, ఆగు" అని చెయ్యి అడ్డం పెట్టి, వాకిట్లనే నీళ్లు పోసుకొని, బట్టలు మార్చుకొని, అప్పుడు నన్నెత్తుకునేటోడు. చలికాలం గూడ అంతే. ఆ ముచ్చట ఇంట్ల ఎవ్వలకు యాదిలేదు. అది గూడ రాసిన. ఎందుకు రాసిన్నో తెల్వది. రాసుకుంట రాసుకుంట కాగితం నిండిపోయింది.

ఆ తర్వాత పేర్ల కాడికొచ్చిన. అవ్వ పేరు రాసిన. అన్న పేరు రాసిన. నా పేరు రాద్దామని పెన్ను పెట్టి ఆగిన.

ఆ చిన్నల్లుడు యాదికొచ్చిండు. అల్లుని పేరు తప్పితెనే అంత గత్తరైతె, కొడుకు పేరు తప్పితె? మూడు నాలుగు ఊర్ల మంది ముందట? "ఏం పాటగాడురా వీడు, ఇంట్ల నడిపి కొడుకునే మరిచిపోయిండు" అని మా మేనమామ లేసి నిలవడితె? వాడు గిన పాట తానే కట్టేటోడైతె ఈ పప్పు ఉడకకపోవు. నా ఎనుక అన్నేండ్లు నిలవడ్డోనికి నా పేరు తెల్వదా? కని ఇప్పుడు వాడు పాట కట్టుడు మానేసిండు. రాసేటోడు ఒకడు, బాణీ చూసుకునేటోడు ఒకడు. వాడు రోజుకు రెండు మూడు దినాలు తిరుగుతడు. బండి దిగంగనే కాగితం పట్టుకొని చదివినట్టు పాడుడే. నాకు ఎరుకే. నా పేరు జాగల తమ్ముని పేరు రాసిన. కోడండ్ల దగ్గర మా ఇంటామె పేరు, మన్మరాండ్ల దగ్గర మా బిడ్డ పేరు సక్కగ రాసిన, ఎవలకు అనుమానం రావద్దని. చీటీని ఫొటో తీసి పంపిన. ఆ పది రోజులల్ల నా మనసు జర నిమ్మళమైంది అంటె ఆ చీటీ పంపినంకనే.

పెద్దదినం నాడు అన్న అన్నట్టే అయింది. బాపును ఎన్నడు చూడనోళ్లు గూడ వచ్చిండ్రు. టెంటు సాలక బజార్ల నిలవడ్డరు. వాడు కారు దిగంగనే సగం మంది ఫోన్లు పట్టుకొని ఉరికిండ్రు, చావింట్ల గూడ సెల్ఫీలే. వాడు అందరిని దాటుకొని సక్కగ నా కాడికొచ్చి కాళ్లకు దండం పెట్టి, "అన్నా, బాపు నాకు గూడ బాపే గదనే" అన్నడు. కండ్లల్ల నీళ్లు గూడ ఉన్నయి. నటన అనుకున్న. గుండు మీద తువ్వాల సదురుకొని పోయి ఫొటో ముందట గూసున్న.

పాట షురువైంది. మొదటి చరణంల రెండు జాగలల్ల శ్రుతి తప్పిండు, మనసుల రాసిపెట్టుకున్న. ఎకో మస్తుగ పెంచిండు. అదీ రాసిపెట్టుకున్న. రెండో చరణం కాడ కీబోర్డు ఆపిచ్చిండు. ఒట్టి గొంతుతోని అందుకున్నడు.

"గడప బయటనే నిలవడ్డవా బాపో
ఘాటు మా కండ్లకు అంటద్దని
వాకిట్ల నీళ్లు పోసుకుంటివా బాపో
బిడ్డలను నవ్వుకుంట ఎత్తుకుందామని"

అని, ఆపిండు. మాట దొరకనట్టు ఆపిండు. ఆ ఆగుడు నేను నేర్పింది కాదు. టెంటంత ఒక్కసారి బోరుమన్నది. అవ్వ ఛాతి మీద కొట్టుకొని ఏడ్చింది. నేనూ ఏడ్చిన. ఏడ్చుకుంటనే పండ్లు కొరికిన, ఎందుకంటె అది నా ముచ్చట. నా కండ్లు మండిన ముచ్చట. నేను బాపు మీద పాట కడితె మొదలు అదే వచ్చేది. వాని నోట్ల పడి అది వానిదైపోయింది.

అప్పుడు పేర్లు షురువైనయి. అన్న పేరు. అన్న ఎక్కి ఎక్కి ఏడ్చిండు. తమ్ముని పేరు. చెల్లె పేరు. వదిన పేరు, మా ఇంటామె పేరు, చెల్లె మొగడు మా బావ పేరు. పిల్లల పేర్లు. నా పేరు రాలే. వాడు కాగితంల తల పెట్టి పాడుకుంట పోయిండు. నేను తల ఎత్తి మంది మొఖాలు చూసుడు షురువు చేసిన. ఎవలు ముందుగాల లేస్తరు? అన్ననా, బావనా? పాట అయిపోయింది. మా మేనమామ లేసిండు. ఇగ అడుగుతడనుకున్న. చెయ్యి కడుక్కోవడానికి లేసిండట, నల్లా దిక్కు పోయిండు. అన్న పోయి వాన్ని కావలిచ్చుకున్నడు. అందరు అన్నం బంతుల కాడికి నడిచిండ్రు.

ఒక్కలు. ఒక్కలంటె ఒక్కలు అడగలే.

మూల మీద మా ఇంటామె దొరికితె ఆగలేక అడిగిన. "పాటల నా పేరు రాలే, చూసినవా?"

"అట్లనా? అరె, నా పేరు రాంగనే నాకు ఏడుపొచ్చిందయ్యా. ఆ తర్వాత ఏమొచ్చిందో నేనేం ఇనలే" అన్నది.

అప్పుడు సమజైంది నాకు. ఎవలి పేరు కోసం వాళ్లు చెవులు పెట్టుకొని గూసుంటరు. తన పేరు వచ్చినోడు ఏడ్చి ఊకుంటడు. తప్పింది తప్పినోనికే తెలుస్తది. ఆనాడు ఇస్తరి ముందటి నుంచి లేసింది ఆ అల్లుడే గని ఇంకెవ్వలు కాదు. ఇక్కడ లేసి అడగాలంటె నేనే లేవాలె. ఏమని లేవాలె? చీటీల ఉన్న రాత నాదాయె. బగారన్నం, మటన్ పెట్టిండ్రు. గడ్డి తిన్నట్టు తిన్న.

పది రోజులకు ఆ పాట వాని ఛానల్ల ఎక్కింది. అన్ననే ఒప్పుకున్నడట. బాపు ఫొటో, మా టెంటు, గుండుతోని గూసున్న నేను, అన్ని ఉన్నయి అండ్ల, నా పేరు తప్ప. కింద తెల్వనోళ్లు రాస్తాండ్రు. మా నాయిన యాదికొచ్చిండు అని ఒకలు, రోజు ఇంటాన్న అని ఒకలు. ఆ గడప ముచ్చటకు ఏడ్చినమని మందికి మంది రాసిండ్రు. మా బాపు చావు గూడ వానికి హిట్టైంది. నేను రోజుకు పది సార్లు తీసి ఎంత మంది చూసిండ్రో చూసుకునేటోన్ని. పెరిగితె మంట. పెరగకుంటె గూడ ఏందో తెల్వని బాధ, బాపును మరిచిపోయిండ్రా అని. పెన్‌డ్రైవ్‌లు ఎవలు పంచలే దీనికి, డ్రోన్ లేదు, ఆడిన పిల్లలు లేరు. అయినా మార్కెటింగే అని చాయ్ హోటల్ల చెప్పిన. ఈసారి నా మాట నాకే సప్పగ ఇనబడ్డది.

అవ్వకు తమ్ముడు ఓ ఫోన్ కొనిచ్చిండు. ఆమెకు చదువు రాదు. ఆ ఒక్క పాట తీసుడు, ఒత్తుడు, గంతే నేర్పిండు. రోజు పగటి బువ్వ తిని మంచం మీద ఒరిగి ఆ పాట పెట్టుకుంటది. లక్షలు, వ్యూస్, ఛానల్, ఆ లోకమే ఆమెకు తెల్వది. నేను పోయినప్పుడల్ల అదే పాట మోగుతుంటె, జర సేపు గూసొని పనున్నదని లేసొచ్చేటోన్ని.

మొన్న కార్తీకంల ఓనాడు పోయిన. అవ్వ పాట ఇని, ఫోన్ పక్కన పెట్టి, నా దిక్కు తిరిగి అన్నది, "పాటల నీ పేరు లేదు గదరా నడిపోడా."

"ఎప్పుడు చూసినవే అవ్వా?"

"ఆనాడే. ముగ్గురు కొడుకులను కన్నదాన్ని, ఇద్దరి పేర్లే వస్తె నాకు తెల్వదా?"

"మరి అడగలేదేందే?"

"అడుగుడేందిరా. పాట కట్టింది నువ్వే గదా. కట్టినోడు తన పేరు తను చెప్పుకుంటె బాగుంటదా అని వదిలిపెట్టినవ్ అనుకున్న. గడప కాడ నీళ్లు పోసుకున్న ముచ్చట నీకు తప్ప ఎవలకు ఎరుక? మీ అన్న అప్పుడు అమ్మమ్మ ఇంట్ల ఉండె, చిన్నోడు నా కడుపుల ఉండె. ఉరికిందీ నువ్వే, కండ్లు మండి ఏడ్చిందీ నువ్వే."

అప్పుడు చెప్పొచ్చు. కాదవ్వా, ఇంకెవలో రాసిండ్రు, నేను ఒట్టి చీటీ రాసిన, అదీ కుళ్లు తోని రాసిన, వాని ఇజ్జత్ తియ్యాలని నా పేరు నేనే ఎగ్గొట్టిన అని చెప్పొచ్చు. అవ్వ నా గుండు మీద మొలిచిన ఎంటికల్ల చెయ్యి పెట్టి నిమురుతాంది.

"అవునవ్వా" అన్న. "నేనే కట్టిన."

ఎంత సుఖమనిపిచ్చిందో. అన్నొద్దుల సంది కడుపుల ఉన్న మంట ఆ ఒక్క మాటకు సల్లారింది. ఆ లక్షల మంది వాన్నే మెచ్చుకోనియ్యి, మా అవ్వ కాడ పాట నాది.

"ఐతె నువ్వు పాడు బిడ్డా ఓసారి" అన్నది అవ్వ. "నీ నోట ఇనలే నేను. నీ పేరు గూడ కలిపి పాడు."

గొంతు సవరిచ్చుకున్న. సక్కగ గూసున్న. నా బతుకుల అంత మంచిగ ఎన్నడు పాడలేదు, ఒట్టు. ఊపిరి తీసుకోవాల్సిన కాడనే తీసుకున్న. వాడు జారిన రెండు జాగలల్ల నేను నిలవడ్డ. గడప కాడ నేను గూడ ఆగిన, వాడు ఆగినంతసేపు ఆగిన. అన్న పేరుకు, తమ్ముని పేరుకు నడుమ నా పేరు పెట్టి పాడిన. అవ్వ కండ్లు మూసుకొని, చెయ్యి మంచం పట్టె మీద ఆడిచ్చుకుంట, కొస దాక ఇన్నది.

అయిపోయినంక కండ్లు తెరిచింది. పొడిగ ఉన్నయి.

"మంచిగ పాడినవ్ బిడ్డా, మస్తుగ పాడినవ్" అన్నది. తలాపున తడిమి ఫోన్ తీసి నా చేతిల పెట్టింది. "ఇగ ఆయనది పెట్టు జర. దానికైతెనే నాకు ఏడుపొస్తది."

పెట్టిన.